కట్ట తెగితే సిగ్నల్‌కి తెలియదు

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర వాగులో పడింది. ఎగువ చెరువులకు గండి పడి వచ్చిన నీళ్లు చిన్న వంతెనను ఊడ్చేశాయి. వంద మందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరదకు పట్టాల కింది మట్టికట్ట కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఈసారి ఆ చోట రైలు లేదు.

తెలంగాణలో రైలు కట్ట వేయడమంటే గొలుసుకట్టు చెరువుల (ఒకదాని అలుగు నీళ్లు కింది దానిలోకి చేరే చెరువుల వరుస) కింద కట్ట వేయడమే. కట్ట కింద నీళ్లు పోయే చిన్న వంతెన, అంటే కల్వర్టు లెక్క మాత్రం వాన మీద నడుస్తుంది. పది చదరపు కిలోమీటర్ల పరీవాహకం, గంటకు 50 మిల్లీమీటర్ల వాన, అందులో సగం పారుతుందనుకుంటే సెకనుకు దాదాపు 70 ఘనమీటర్లు. అదే వాగు మీద పది లక్షల ఘనమీటర్ల చెరువు తెగి గంటలో ఖాళీ అయితే? సగటున 278. నాలుగింతలు! పై చెరువు తెగితే కింది చెరువు అలుగు ఆ నీటిని మోయలేదు, అదీ తెగుతుంది.

చిన్న వంతెనలను మామూలుగా 50 ఏళ్లకోసారి వచ్చే వరదకు లెక్కిస్తారు. ఈ మాట విని నిశ్చింతగా ఉండేవాళ్లే ఎక్కువ. ఏటా రెండు శాతం అవకాశమంటే 30 ఏళ్లలో కనీసం ఒకసారి రావడానికి 45 శాతం అవకాశం.

డబ్లింగ్ (పక్కన రెండో లైను వేసే) పనుల్లో సాధారణంగా జరిగే పొరపాటు పాత కల్వర్టును అదే కొలతతో పొడిగించడం. పాత కట్ట వేసినప్పటి వాగు వేరు. ఇప్పుడు ఎగువన వెంచర్లు, రోడ్లు వచ్చి నీళ్లు త్వరగా దిగుతాయి. ఇంకొకటి, లారీల కోసం వాగులో వేసిన మట్టి దారిని తొలకరికి ముందు తీయకపోవడం. కల్వర్టు నోరు పూడితే నీళ్లు కట్టనెక్కి అవతలికి దూకుతాయి. ముందు దిగువ వాలు కోసుకుపోతుంది, తర్వాత కంకర జారిపోతుంది. వీటితో పాటు ఎగువ చెరువుల్ని రైల్వే, నీటిపారుదల శాఖలు వానలకు ముందే కలిసి చూడాలి: అలుగు మూసేశారా, తూము దగ్గర బుంగలున్నాయా అని.

కింద మట్టి పోయినా వెల్డింగ్ పట్టాలు స్లీపర్లతో సహా వేలాడుతూ తెగకుండా ఉంటాయి. లైను మీద రైలుందో లేదో సిగ్నల్‌కి చెప్పే ట్రాక్ సర్క్యూట్‌లో పారే కరెంటు పట్టాల గుండా వెళ్తుంది, మట్టి సంగతి దానికి పట్టదు. సిగ్నల్ పచ్చగానే ఉంటుంది. కాబట్టి వానరాత్రి లాంతరు పట్టుకుని పట్టాల వెంట కాపలా నడిచే పెట్రోల్‌మన్‌ను ఏ యంత్రమూ పూర్తిగా తప్పించలేదు.

గండి కనబడితే అతను ఎర్రదీపం చూపిస్తూ రైలుకు ఎదురు పరుగెత్తాలి. బ్రాడ్‌గేజ్‌లో గండికి 600 మీటర్ల దూరంలో ఒక డిటోనేటర్ (చక్రం ఎక్కగానే పేలి డ్రైవర్‌ను హెచ్చరించే టపాసు), 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లు పట్టా మీద బిగించాలి. వేగంగా వచ్చే రైలు ఆగడానికి కిలోమీటరు పట్టొచ్చు కదా. డబుల్ లైనైతే ముందు ఏ దిక్కుకు పరుగెత్తాలన్నది, ఏ రైలు ముందొస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది.