బోరు ఇంకా లోతుకి దింపితే నీళ్లు పడతాయా? ఐటీ శివార్లలో నీళ్ల కష్టాలు - అపోహలు, వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగో ఫోను. "మేడమ్, బోరు ఎండిపోయింది, రిగ్గు వచ్చి నిలబడింది, ఇంకో 400 అడుగులు దింపమంటారా?" అని. నేను భూగర్భజలాల సర్వే చేస్తాను, ఎక్కువ పని ఐటీ ఆఫీసులు వచ్చి వాటి చుట్టూ టవర్లు లేస్తున్న శివార్లలోనే. అక్కడ ట్రాఫిక్ గురించీ దుమ్ము గురించీ అందరూ మాట్లాడతారు, నీళ్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎవరో గ్రూపులో ఫార్వర్డ్ చేసిందే నమ్మేసి లక్షలు భూమిలో పోస్తున్నారు. చూసి చూసి రాస్తున్నాను.

అపోహ: ఎంత లోతుకెళ్తే అన్ని నీళ్లు

జనాన్ని అన్నిటికంటే ఎక్కువ ముంచుతున్నది ఇదే. ఇసుక, ఒండ్రు నేలల లెక్క వేరు, నేను చెప్పేది గ్రానైటు లాంటి గట్టి రాయి ఉన్న చోట గురించి. అక్కడ భూమి కింద చెరువూ ఉండదు నదీ ఉండదు. పైన మెత్తబడిన రాతి పొరలో కొంత నీరు, దాని కింద రాయి పగుళ్లలో కొంత నీరు, అంతే. లోతుకి పోయేకొద్దీ పై బరువుకి ఆ పగుళ్లు బిగుసుకుపోతాయి, తగ్గిపోతాయి కూడా. నీళ్లిచ్చే పగుళ్లు మామూలుగా మొదటి 300 అడుగుల్లోనే ఎక్కువ. వెయ్యి అడుగుల్లో అసలు పడవని అనను, ఎక్కడో ఒకచోట పడతాయి, ఆ ఒక్కచోటు కథే ఊరంతా తిరుగుతుంది, ఎండిన మిగతా బోర్ల గురించి ఎవరూ మెసేజ్ పెట్టరు.

మరి లోతు పెంచాక మొదటి రోజు నీళ్లు బాగానే వచ్చాయే అంటారు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకి సుమారు ఆరున్నర లీటర్లు పడతాయి. 600 అడుగులు అదనంగా దింపారంటే దాదాపు 3,900 లీటర్లు పట్టే సన్నటి ట్యాంకు ఒకటి భూమిలో కట్టుకున్నారన్నమాట. రాత్రంతా ఊరి అది నిండుతుంది, పొద్దున మోటారు వేయగానే ధారగా వస్తుంది, కాసేపటికి గాలి కక్కుతుంది. పైకి వచ్చేది ఆ నిల్వే, కొత్త ఊట కాదు. అందుకే కంప్రెసర్‌తో గాలి కొట్టి బోరు కడిగే ఫ్లషింగ్ చేసినప్పుడు ఎగసిన నీళ్లు చూసి మోటారు కొనకండి. కొన్ని గంటలు ఆపకుండా పంపు నడిపి, నీటిమట్టం ఎక్కడికి దిగి నిలబడుతుందో చూడాలి.

కరెంటు సంగతి కూడా చూడండి. వెయ్యి లీటర్లని 100 మీటర్లు పైకి లాగాలంటే, మోటారూ పంపూ కలిపి సగం సామర్థ్యంతో నడుస్తాయనుకుంటే, అర యూనిట్ పైనే కాలుతుంది. 300 మీటర్ల నుంచి లాగితే దానికి మూడింతలు. ఇది ప్రతి రోజూ, ప్రతి వెయ్యి లీటర్లకీ.

ఒకసారి 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకి నేను వెళ్లేసరికే కొత్త బోరు కోసం రిగ్గు 700 అడుగులు దాటేసింది. కమిటీలో పెద్దాయన ఒకరు, రిటైరయ్యాక ఉన్న డబ్బంతా ఆ ఫ్లాట్‌లోనే పెట్టారు, మొహం పాలిపోయి ఉంది. "అమ్మా, ఇంకో 200 దింపితే పడుతుంది కదూ?" అని అడిగారు. బోరు నోటి దగ్గర నుంచి రాతి ముక్కలు గుప్పెడు తీసి ఆయన చేతిలో పోశాను. బూడిద రంగు, అంచులు బ్లేడులా ఉన్నాయి, ఒక్క మరక లేదు. నీళ్లు తిరిగే పగులు తగిలితే ముక్కలకి తుప్పు రంగు పట్టి ఉంటుంది. "అంకుల్, ఈ రాయికి నీళ్లు తెలీవు, ఆపించేయండి" అన్నాను. ఆయన ఆపుదామనే అన్నారు, మిగతావాళ్లు వినలేదు, వెయ్యి దాకా కొట్టించారు. దుమ్మే వచ్చింది.

వీళ్లకి నీళ్లు తగ్గడానికి అసలు కారణం గోడ అవతల ఉంది. పక్క సైటులో మూడు సెల్లార్లకి గొయ్యి తవ్వి, నీరు ఊరకుండా రాత్రీ పగలూ మోటార్లు పెట్టి రోడ్డు మీదకి తోడేస్తున్నారు. వీళ్ల పాత 400 అడుగుల బోరుకి పై పొరలో అందే నీరంతా అటే పోతోంది. నీటిమట్టం రోజూ టేపు వేసి కొలిపించాం, మోటారుకి టైమరు పెట్టి అరగంట నడిపి రెండు గంటలు ఆపించాం, సంపులో లీకు కట్టించాం. అవసరంలో సగం నీళ్లు వచ్చాయి, మిగతా సగానికి ట్యాంకర్లే, అందులో అబద్ధం చెప్పను. పక్కవాళ్ల సెల్లారు పని అయిపోయాక వచ్చిన వానల్లో మట్టం మళ్లీ పైకి లేచింది. వెయ్యి అడుగుల బోరు మాత్రం ఇప్పటికీ మూత వేసే ఉంది.

అపోహ: టీడీఎస్ తక్కువుంటే తాగొచ్చు

టీడీఎస్ చూసే ఆ పెన్ను లాంటి మీటరు నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో అంచనాగా చెబుతుంది, అంతే. క్రిములు దానికి కనపడవు. ఫ్లోరైడు విడిగా చూపించదు, డబ్ల్యూహెచ్ఓ హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, లోతు బోర్లలో నీరు రాయితో చాలాకాలం కలిసి ఉంటుంది కాబట్టి అది దాటే అవకాశం ఎక్కువ. నైట్రేటు హద్దు 50 మిల్లీగ్రాములు. కాచితే పోతుందనుకుంటారు, కాచితే నీరు ఆవిరై ఇవి ఇంకా చిక్కబడతాయి. ఇంట్లో పాలడబ్బా తాగే పసిబిడ్డ ఉన్నవాళ్లు నైట్రేటు పరీక్ష ముందు చేయించండి. భయపడి గూగుల్‌లో రాత్రంతా వెతకొద్దు, ల్యాబుకి ఒక బాటిల్ పంపండి చాలు.

అపోహ: రీఛార్జ్ అంటే వాన నీళ్లన్నీ బోరులోకి వదిలేయడమే

రీఛార్జ్ అంటే భూమిలోకి నీళ్లు తిరిగి ఇంకించడం, కానీ పార్కింగు మీద నుంచి వచ్చే ఆయిలూ మురికీ నేరుగా బోరులోకి వదిలారంటే పక్కింటి బోరు కూడా పాడవుతుంది, ఎందుకంటే పగులు ఒకటే. టెర్రస్ నీళ్లు మాత్రమే, అదీ మొదటి వాన వదిలేసి, ఫిల్టరు పెట్టి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వెయ్యి చదరపు మీటర్ల టెర్రస్ మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 50 వేల లీటర్లు, దాన్ని డ్రైనేజీలోకి పంపేసి మర్నాడు ట్యాంకరుకి ఫోన్ చేస్తున్నారు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: కేసింగు ఎంత వేస్తే ఏముంది

కేసింగు అంటే బోరు పై భాగంలో దింపే పైపు, అది గట్టి రాయిలోకి దిగి కూర్చోవాలి, పైపు చుట్టూ సందు మూయాలి. పైపు మిగుల్చుకుందామని మెత్తటి పొరలోనే ఆపేస్తే డ్రైనేజీ నీళ్లు నేరుగా బోరులోకే. వాన పడ్డ మర్నాడు నీళ్లు మట్టి రంగులో వస్తున్నా, వాసన వస్తున్నా ముందు అనుమానించాల్సింది దీన్నే.

కొత్తగా ఫ్లాట్ కొనేవాళ్లు బ్రోషర్లో ఎన్ని బోర్లని రాశారో చూసి ఊరుకోకండి. నడి వేసవిలో ఒకసారి వెళ్లి మోటారు ఎంతసేపు ఆగకుండా నడుస్తుందో వాచ్‌మన్‌ని అడగండి, రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో కూడా అడగండి. పక్క ఖాళీ స్థలంలో సెల్లారు ఎన్ని అంతస్తులు రాబోతోందో కనుక్కోండి.