టికెట్ల డబ్బు ఎవరి జేబులోకి వెళ్తుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరు అడిగినదానికి అప్పుడే ఏదో ఒకటి చెప్పేయొచ్చు. కానీ రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఆగాను. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ నగరంలో ఏటా జరిగే సంగీత ఉత్సవం, న్యూ ఓర్లీన్స్ జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్, లాభాపేక్ష లేని సంస్థదని నేనంటే, "టికెట్లు అమ్ముతారు కదా తాతయ్యా, మరి లాభాపేక్ష లేదంటారేంటి?" అన్నారు. చాలా మంచి ప్రశ్న. పెద్దవాళ్లలో కూడా చాలామంది ఇక్కడే పొరబడతారు.

లాభాపేక్ష లేదంటే డబ్బు మిగలకూడదని కాదర్రా. మిగలాలి. ఒక ఏడాది వాన పడి జనం రాకపోతే, మరుసటి ఏడాది వేదికలు కట్టడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అసలు తేడా, మిగిలింది ఎటు వెళ్తుందన్న దగ్గర ఉంది. మామూలు కంపెనీకి వాటాదారులుంటారు, లాభం వాళ్లు పంచుకుంటారు. అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి సంస్థకు వాటాదారులే ఉండరు. పనిచేసేవాళ్లకు జీతాలివ్వొచ్చు. పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు డబ్బు ఇవ్వొచ్చు. ఆపైన మిగిలిన ప్రతి డాలరూ, సంస్థ ఏ పని కోసం పుట్టిందో ఆ పనికే తిరిగి వెళ్లాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, పై పదవుల్లో ఉన్నవాళ్ల జీతమెంత అన్నది ఏటా ప్రభుత్వానికి రాసివ్వాలి. ఆ కాగితం ఎవరైనా తీసి చదువుకోవచ్చు, మీరు కూడా.

ఇక్కడ సంస్థ పుట్టిన పని ఏమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

న్యూ ఓర్లీన్స్‌లో కాంగో స్క్వేర్ అని ఒక మైదానం ఉంది. బానిసత్వం ఉన్న రోజుల్లో ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు ఆదివారాలు అక్కడ చేరి డప్పులు వాయించుకునేవారు, ఆడేవారు. 1817లో నగరపాలకులు ఒక చట్టం చేసి, బానిసలు గుమికూడడానికి ఒకే ఒక్క చోటు, ఒకే ఒక్క రోజు మిగిల్చారు. ఆ ఒక్క పూట వాళ్లు దాచిపెట్టుకున్న లయలే తర్వాత ఆ ఊరి సంగీతంలోకి, అక్కడి నల్లవాళ్ల మధ్య పుట్టిన జాజ్ అనే సంగీతంలోకి ప్రవహించాయి.

ఇప్పుడు 1962కి రండి. 1954 నుంచి అమెరికాలోనే న్యూపోర్ట్ అనే ఊళ్లో జాజ్ ఫెస్టివల్ నడుపుతున్న జార్జ్ వీన్ అనే పియానో వాద్యకారుడిని న్యూ ఓర్లీన్స్ పెద్దలు పిలిచారు, మా ఊళ్లోనూ అలాంటిది పెట్టండని. అప్పటికింకా అక్కడ నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరుచేసే చట్టాలు ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఒక వేదిక మీద వాయించకూడదు, ఒక హోటల్లో దిగకూడదు. డ్యూక్ ఎల్లింగ్టన్ అనే నల్లజాతి జాజ్ విద్వాంసుడంతటి మహానుభావుడు వచ్చినా మంచి హోటల్లో గది ఇవ్వరు. జాజ్ పుట్టిన ఊళ్లో జాజ్ వాళ్లకు చోటు లేదు! ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. చట్టాలు మారి, వీన్‌తో ఆ పండగ నిజంగా మొదలయ్యేసరికి 1970 వచ్చింది. దాన్ని నడపడానికే ఒక ఫౌండేషన్ పెట్టారు.

వీన్ చేసిన మొదటి పని నాకు చాలా నచ్చుతుంది. తను బయటివాడు, ఆ ఊరి వీధుల్లో ఎవరు ఏం వాయిస్తారో తెలియదు. అందుకని టులేన్ విశ్వవిద్యాలయంలోని జాజ్ సంగ్రహాలయం వాళ్లను అడిగితే, వాళ్లు క్వింట్ డేవిస్ అనే కుర్రాడి పేరు, ఆలిసన్ మైనర్ అనే అమ్మాయి పేరు చెప్పారు. ఇద్దరికీ ఇరవై అటూ ఇటూ, మీకంటే నాలుగైదేళ్లు పెద్ద అంతే. పెద్ద ఉత్సవం నడిపిన అనుభవం బొత్తిగా లేదు, కానీ ఊరి సంగీతకారులంటే ప్రాణం. అది చాలనుకున్నాడు వీన్. నాయకత్వం అంటే అన్నీ తనకే తెలుసనుకోవడం కాదని నేను ఎవరికైనా చెప్పాల్సి వస్తే ముందు ఈ కథే చెప్తాను.

మొదటి ఏడాది మేళా కాంగో స్క్వేర్ దగ్గరే జరిగింది. టికెట్టు 3 డాలర్లు. ఆ మేళాలో ఒక పూట ఏం జరిగిందంటే, యురేకా బ్రాస్ బ్యాండ్ బాకాలు, డ్రమ్ములు మోగిస్తూ మైదానంలో ఊరేగుతోంది. వెనకాల జనం చిందులేస్తున్నారు. అలా బ్యాండు వెంట నడిచే గుంపును అక్కడ 'సెకండ్ లైన్' అంటారు. అదే సమయానికి గాస్పెల్ అనే చర్చి భక్తిగీతాలు పాడే గాయని మహేలియా జాక్సన్, ఎల్లింగ్టన్ అటుగా వచ్చారు. మహేలియా ఆ ఊళ్లోనే పుట్టిన పిల్ల, అప్పటికి ప్రపంచమంతా తెలిసిన పేరు. వీన్ ఆమె చేతికి మైకు అందించాడు. ఆమె అక్కడికక్కడే బ్యాండుతో గొంతు కలిపి పాడుతూ ఊరేగింపులో నడిచింది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఎంతమందో తెలుసా? సుమారు 350 మంది. పాడి, వాయించి, పనిచేసినవాళ్లే అంతకు రెట్టింపు! వ్యాపారం లెక్కల్లో చూస్తే అది అప్పుడే మూసేయాల్సిన దుకాణం. కానీ వాళ్లు వ్యాపారం కోసం రాలేదు కదా. 1972లో గుర్రప్పందేల మైదానమైన ఫెయిర్ గ్రౌండ్స్‌కు మారారు. ఇప్పటికీ ఏప్రిల్ చివర, మే మొదట్లో అక్కడే జరుగుతుంది, లక్షల మంది వస్తారు.

ఇక మీ ప్రశ్నకు అసలు జవాబు. మిగిలిన డబ్బుతో ఏం చేస్తారు?

'హెరిటేజ్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్' అని ఒక బడి నడుపుతారు. పిల్లలకు ఫీజు లేదు. కిడ్ జోర్డన్ అనే శాక్సోఫోన్ విద్వాంసుడు చాలాకాలం దాన్ని ముందుండి నడిపించాడు. 2014 నుంచి ఆ బడి ఉన్న భవనం ఒకప్పుడు అంత్యక్రియలు జరిపించే ఇల్లు. ఆ గదుల్లో ఇప్పుడు పిల్లలు ట్రంపెట్ ఊదుతూ తప్పులు వాయించి, మళ్లీ మొదటి నుంచి అందుకుంటున్నారని తలచుకుంటే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో. డబ్ల్యూడబ్ల్యూఓజెడ్ అనే రేడియో స్టేషన్ కూడా ఆ ఫౌండేషన్‌దే. టికెట్టు లేని చిన్న ఉత్సవాలు పెడతారు, కళాకారులకు గ్రాంట్లు ఇస్తారు.

విలువలు రాసిపెట్టుకోవడం తేలికేరా. ఎవరో వచ్చి నిలదీసినప్పుడు ఏం చేశారన్నదే చూడాలి. 1970ల చివర్లో ఆ ఊరి నల్లజాతి కార్యకర్తలు ఫౌండేషన్‌ను గట్టిగా అడిగారు: "ఈ సంగీతం మా ఇళ్లలో పుట్టింది. మరి నిర్ణయాలు తీసుకునే బోర్డులో మావాళ్లు ఎంతమంది?" న్యాయమైన మాట. చర్చలు జరిగాయి, బోర్డులో మార్పు వచ్చింది, మైదానంలో ఆఫ్రికన్ సంస్కృతికి కోయిందు అనే ప్రత్యేక ప్రాంగణం ఏర్పడింది. తర్వాత దాని పేరు కాంగో స్క్వేర్ అయింది. అలా అడిగినవాళ్లలో ఒకరైన కవి కలాము యా సలామ్ 1980లలో అదే ఫౌండేషన్‌కు ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అయ్యారు. ప్రశ్నించినవాడిని శత్రువుగా చూడకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టడం అన్ని సంస్థలకూ చేతకాదు.

ఇంకో సంగతి, యజమాని వేరు, నడిపించేవాళ్లు వేరు. ఫెస్టివల్ ఫౌండేషన్‌ది. ఏటా వేదికలు కట్టి, కళాకారులను కుదిర్చి ఉత్సవం జరిపించేది డేవిస్ నాయకత్వంలోని నిర్మాణ సంస్థ. 2004లో బాగా నష్టం వచ్చినప్పుడు ఒక పెద్ద వినోద కంపెనీని కూడా తోడు తెచ్చుకున్నారు. అప్పటి నుంచి పెద్ద పెద్ద రాక్ బృందాలు మరింతగా వస్తున్నాయి. 2024లో రోలింగ్ స్టోన్స్ వచ్చారు. టికెట్టు 3 డాలర్ల నుంచి 90 డాలర్లు దాటింది. "ఇది ఇంకా ఊరివాళ్ల పండగేనా?" అని అడిగేవాళ్లున్నారు. నా మటుకు నాకు, ఆ పెద్ద పేర్లు తెచ్చే డబ్బుతో పిల్లల బడి నడుస్తున్నంత కాలం అభ్యంతరం లేదు. కానీ టికెట్టు ధర మాత్రం నాకూ బాధే. కాంగో స్క్వేర్ పక్క వీధుల్లో ఉండే కుటుంబం లోపలికి రాలేకపోతే ఆ లెక్క మళ్లీ చూసుకోవాల్సిందే. నిర్వాహకులకు ఈ సంగతి తెలియక కాదు, ఒక రోజు ఊరివాళ్లకు తక్కువ ధరకు ఇస్తున్నారు. అది చాలదని నా అభిప్రాయం.

2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చి ఊరు దాదాపు 80 శాతం మునిగింది. సంగీతకారులు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. రేడియో స్టేషన్ మూగబోతే, న్యూజెర్సీలోని డబ్ల్యూఎఫ్ఎంయూ అనే మరో స్టేషన్ సాయం చేసి ఇంటర్నెట్‌లో దాని ప్రసారం మళ్లీ మొదలుపెట్టించింది. ఎనిమిది నెలలకే, 2006 వసంతంలో ఫెయిర్ గ్రౌండ్స్‌లో ఫెస్టివల్ జరిగింది. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు వేదిక ఎక్కి వాయించారు. అది జరపకపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. జరపడమే తమ పని అనుకున్నారు వాళ్లు.

2020లో కరోనా వల్ల మాత్రం ఆపక తప్పలేదు. అప్పుడా రేడియో ఏం చేసిందో చెప్తాను. ఫెస్టివల్ జరగాల్సిన రోజుల్లో, జరగాల్సిన వేళల్లో, ఏళ్ల తరబడి దాచిన పాత కచేరీల రికార్డింగులు వేసింది. నేను ఇంటర్నెట్‌లో వింటూ కూర్చున్నాను. పాటకీ పాటకీ మధ్య జనం అరుపులు వినిపిస్తుంటే, వాళ్లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో అనిపించి కళ్లు చెమర్చాయి.

ట్రాయ్ ఆండ్రూస్ అనే పిల్లాడి గురించి చెప్పి ముగిస్తాను, మీ చిన్నదానికి ఇది నచ్చుతుంది. నాలుగేళ్ల వయసులో వాడు తనకంటే పొడవైన ట్రాంబోన్ అనే ఇత్తడి బాకా పట్టుకుని ఆ ఫెస్టివల్‌లో జనం మధ్య ఉంటే, రాక్ సంగీతంలో పేరుమోసిన బో డిడ్లీ అంతటివాడు చూసి వేదిక మీదికి రప్పించాడు. వాడే ఇప్పుడు ట్రాంబోన్ షార్టీ. 2013 నుంచి పెద్ద వేదిక మీద ఆఖరి కచేరీ అతనిదే.

ఆ రేడియో ఇంటర్నెట్‌లో ఎప్పుడూ వస్తుంది. ఈ ఆదివారం ఒక గంట వినండి. బ్రాస్ బ్యాండ్ వస్తే వెంటనే మార్చేయకండి, పెద్ద డ్రమ్ము దెబ్బ ఎక్కడ పడుతుందో పట్టుకోండి. ఏం వినిపించిందో జవాబులో రాయండి, ఎదురుచూస్తుంటాను.

మీ
తాతయ్య