నీళ్లడిగిన పిట్ట

తార్నాక, హైదరాబాద్

చి. సహస్రకు, చి. ఈశాన్‌కు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరడిగిన వాటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. గలపాగోస్ దీవులకని అంత దూరం వెళ్లి, స్విమ్మింగ్ పూలూ సినిమా హాలూ ఉండే పెద్ద షిప్ ఎక్కకుండా పదహారు మంది పట్టే బుల్లి షిప్ ఎందుకెక్కావని సహస్ర అడిగింది. దాహమేసి దగ్గరికొచ్చిన పిట్టకి నీళ్లెందుకు పోయలేదని ఈశాన్ అలిగాడు. రెండిటికీ జవాబు ఒకటే. కానీ అక్కడికి రావాలంటే ముందు ఆ దీవుల సంగతి చెప్పాలి.

గలపాగోస్ దీవులు ఈక్వడార్ దేశానివి. ఆ దేశం ఒడ్డు నుంచి పసిఫిక్ సముద్రంలో పడమరగా 1000 కిలోమీటర్లు పోవాలి. సముద్రం అడుగున ఒకచోట భూమి లోపలి వేడి పైకి తన్నుకొస్తూ ఉంటుంది. ఆ వేడి చోటు అక్కడే ఉంటుంది, దాని మీదున్న భూమి పైపొర ముక్క, అంటే భూఫలకం మాత్రం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున తూర్పుకి జరుగుతుంది. ఒక దీవి పుట్టి పక్కకి జరిగితే, ఆ ఖాళీలో ఇంకోటి పుడుతుంది. అందుకే తూర్పునున్న ఎస్పన్యోలా వయసు 30 లక్షల ఏళ్ల పైమాట, పడమటి కొసనున్న ఫెర్నాండినాకి 10 లక్షలు కూడా నిండలేదు. 2024 మార్చిలో కూడా అక్కడి లా కుంబ్రే అగ్నిపర్వతం లావా కక్కింది. సెలవులకొచ్చినప్పుడు మీరెక్కే ఖాజాగూడ గుట్టల రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. అరిగి అరిగి నున్నబడింది. ఫెర్నాండినాలో నేను నడిచిన నల్లరాయి మాత్రం పేనిన తాడులా మెలికలు తిరిగి, పారుతూ పారుతూ నిన్ననే ఆగినట్టుంది.

ఈ దీవులు ఏనాడూ ఖండంతో కలిసి లేవు. ఎగరగలిగినవి, ఈదగలిగినవి, కొట్టుకొచ్చిన దుంగల మీద ప్రాణాలు నిలుపుకున్నవి మాత్రమే చేరాయి. పులీ, నక్కా, పిల్లీ రాలేకపోయాయి. మనుషులు కూడా చాలా ఆలస్యంగా వచ్చారు. 1535లో పనామా బిషప్ ఎక్కిన ఓడ గాలి లేక ఆగిపోయి, ప్రవాహంలో పడి అక్కడికి కొట్టుకుపోయింది. తరిమే జంతువే లేకపోతే పారిపోవడం ఎందుకు నేర్చుకుంటాయి చెప్పండి? దారికడ్డంగా సీ లయన్ నిద్రపోతుంటే మేమే చుట్టూ తిరిగి వెళ్లాం. నీలిరంగు కాళ్ల బూబీ పక్షి మా ఎదుటే ఒక కాలు ఎత్తి దించి, ఇంకో కాలు ఎత్తి దించి తన జోడీకి డాన్స్ చేసి చూపించింది. మమ్మల్ని లెక్కే చేయలేదు.

సముద్రపు ఇగువానా గురించి ఇంకాస్త చెప్పాలి. ప్రపంచంలో సముద్రంలోకి దిగి మేత మేసే బల్లి జాతి అదొక్కటే. నీళ్లలో మునిగి రాళ్ల మీది నాచు గీక్కుని తింటుంది. చల్లబడిన ఒంటితో ఒడ్డుకొచ్చి వందలాదిగా ఒకదాని మీద ఒకటి పడి ఎండ కాచుకుంటాయి. ఒంట్లో చేరిన ఉప్పుని ముక్కులోంచి తుమ్ముతాయి. ఆ చుక్కలు తలమీదే పడి, ఎండి, తెల్లగా పెచ్చు కడతాయి. చూస్తుంటే నాకు కాళ్లు కదల్లేదు. ఎల్‌నినో పేరు వర్షాలు సరిగ్గా పడని ఏడాది మన టీవీ వార్తల్లో వింటారు కదా, ఆ ఎల్‌నినో వచ్చినప్పుడు అక్కడి సముద్రం వేడెక్కి నాచు చచ్చిపోతుంది. అప్పుడు ఈ ఇగువానాలు బక్కచిక్కడమే కాదు, పొడవు కూడా తగ్గుతాయి. కొన్ని ఐదో వంతు వరకూ కుదించుకుపోయినట్టు శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు.

ఇప్పుడు పిట్ట దగ్గరికొద్దాం. ఎస్పన్యోలాలో మంచినీళ్లు దొరకవు. అక్కడి మాకింగ్‌బర్డ్ నా చేతిలో బాటిల్ చూసి నేరుగా చెప్పు మీదికొచ్చి వాలింది. మెడ సాచి మూత మీద ముక్కుతో పొడిచింది. ఎండాకాలం పిట్టగోడ మీద పిచ్చుకలకి నీళ్లు పెట్టే చెయ్యి కదా, ప్రాణం ఉసూరుమంది. గైడ్ ఒక్క చుక్క కూడా పోయొద్దన్నాడు. మనిషి కనిపిస్తే నీళ్లని ఒకసారి నేర్చుకుంటే అవి మనుషులు నడిచే దారినే పట్టుకుని ఉండిపోతాయి. ఒకేచోట మూగితే జబ్బులూ త్వరగా అంటుకుంటాయి.

ఇంకా పెద్ద కారణం ఉంది. 1977లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో భయంకరమైన కరువొచ్చింది. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచీ అక్కడి ఫించ్ పిట్టల్ని పట్టి కొలుస్తున్నారు. చిన్న గింజలు అయిపోయి పెద్ద గట్టి గింజలే మిగిలాయి. పెద్ద ముక్కున్న పిట్టలే ఎక్కువగా బతికాయి, వాటి పిల్లలకీ పెద్ద ముక్కులే వచ్చాయి. ఎవరైనా జాలిపడి నూకలు చల్లి ఉంటే ఆ మార్పు జరిగేదా? 1835లో డార్విన్ ఆ దీవుల్లో ఐదు వారాలు గడిపి వెళ్లాడు. పరిస్థితికి తగ్గవే ఎక్కువగా బతికి, తరతరాలుగా జాతి మారుతుందని ఆయన తర్వాత రోజుల్లో ఆలోచించి చెప్పిన సంగతి గ్రాంట్ దంపతుల కళ్లముందే జరిగింది. ఈశాన్, నా చెయ్యి వెనక్కి తీసుకోవడం కష్టమైంది. కానీ ఆ పిట్ట మీద ప్రేమతోనే తీసుకున్నానురా.

మనుషులు తెచ్చిపెట్టిన వాటితో అక్కడ జరిగిన నష్టం తక్కువేమీ కాదు. 1959లో జాలర్లు పింటా దీవిలో మూడు మేకల్ని వదిలారు. పదిహేనేళ్లు తిరక్కముందే అవి వేలకి వేలై పచ్చదనాన్నంతా మేసేశాయి. అంతకుముందే ఓడలవాళ్లు తిండికని తాబేళ్లని పట్టుకుపోయారు. చివరికి పింటా జాతిలో ‘లోన్సమ్ జార్జ్’ ఒక్కటే మిగిలి, 2012 జూన్ 24న చనిపోయింది. మీ అమ్మ చిన్నప్పుడు మన జూ పార్కుకి తీసుకెళ్తే పెద్ద తాబేలు దగ్గర్నుంచి కదిలేది కాదు. ఒక జాతి మొత్తానికి ఆఖరిది అలా ఒంటరిగా తిరుగుతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎస్పన్యోలా తాబేళ్లు కూడా 14కి పడిపోయాయి. వాటికి మాత్రం గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి మళ్లీ వేలల్లోకి తెచ్చారు. మన పెరటి జామ చెట్టు కూడా అక్కడ అడవిని మింగేస్తోంది. అందుకే ఎయిర్‌పోర్టులో బ్యాగులు తెరిచి పండూ గింజా ఉన్నాయేమో చూస్తారు. ఒక దీవి ఇసుక ఇంకో దీవికి వెళ్లకుండా మా కాళ్లు, చెప్పులు కడిగించారు.

అందుకే సహస్రా, చిన్న షిప్. అక్కడ తిరిగే ఏ షిప్‌లోనూ 100 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు. దిగేటప్పుడు ఒక గైడ్‌కి 16 మంది, జంతువుకి 2 మీటర్ల దూరం. ఏ రోజు ఏ దీవికో అక్కడి నేషనల్ పార్కు వాళ్లే నిర్ణయిస్తారు. ఒక షిప్ ఒకసారి వెళ్లిన చోటికి రెండు వారాలదాకా మళ్లీ వెళ్లకూడదు. రాత్రంతా ప్రయాణం, తెల్లారేసరికి కొత్త దీవి. ‘పంగా’ అనే రబ్బరు పడవలో ఒడ్డుదాకా వెళ్లి మోకాలి లోతు నీళ్లలో దిగడమే. గది ఇరుకు, మొదటి రాత్రి కడుపులో తిప్పింది, మాత్ర వేసుకుని పడుకున్నాను. మేం పదహారు మందే కాబట్టి ఆ పిట్ట దారి మాకు అడ్డం కాలేదు, మా దారి దానికి అడ్డం కాలేదు. వేలమంది దిగే షిప్ వస్తే అంతా తొక్కిసలాటే. 2024 ఆగస్టు నుంచి పార్కు టికెట్ 100 డాలర్ల నుంచి 200 చేశారు. మీ తాతయ్య గొణిగారు కానీ నాకది న్యాయమనిపించింది.

ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి మీ నాన్నతో పంపిస్తున్నాను. వాటిలో ఎగరలేని కార్మొరాంట్ ఉంది, మన నీటికాకి జాతి పక్షే. తిండి నీళ్లలోనే దొరుకుతుంటే, పైన తరిమేవాళ్లు లేకపోతే దాని రెక్కలు తరతరాలుగా చిన్నవైపోయాయి. అయినా మునిగి లేచాక వాటిని విప్పి ఎండలో ఆరబెట్టుకుంటుంది. ఆ ఫోటో పెద్దది చేసి, మన చెరువుల మీద కనిపించే నీటికాకి రెక్కతో పోల్చి చూడండి. ఏం తేడా కనిపించిందో ఇద్దరూ విడివిడిగా నాకు రాయండి.

మీ అమ్మమ్మ