ఏసీలా, సున్నమా: బల్లార్షా స్కూలు గొడవ ఎక్కడ మొదలైంది

మహారాష్ట్రల చంద్రపూర్ జిల్లా, మా బల్లార్షా పక్కన ఒక స్కూల్ పేరెంట్స్ గ్రూపు వారం రోజుల నుంచి భగ్గుమంటుంది. ఎనిమిది, తొమ్మిది, పది క్లాసులకు ఏసీలు పెట్టియ్యాలె, పిల్లకింత అని వేసుకుందామని ఒక జట్టు. ఏసీలు ఎందుకు, రేకులకు తెల్ల సున్నం కొట్టి, ఫ్యాన్లు మార్చి, మిగిలిన పైసలకు సోలార్ పెడదామని సైన్స్ సారు, ఆయన వెనకాల ఇంకో జట్టు. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు నుంచి మనోళ్లు బొగ్గు బాయిలకు, పేపర్ మిల్లుకు ఎట్ల వచ్చి ఇక్కడ పాతుకున్నరో అందరికీ ఎరికే, అది మళ్ల చెప్ప.

నన్నడిగితే ఇదంతా 2025 మార్చిల మొదలైంది. పుణె నుంచి ఎస్‌సీఈఆర్‌టీ, అంటే రాష్ట్రంల స్కూలు చదువుల సంగతి చూసే సర్కారు సంస్థ, టైమ్‌టేబుల్ వచ్చింది, ఒకటి నుంచి తొమ్మిది దాక రాష్ట్రమంతా ఒకటే తీరు, ఏప్రిల్ 8 నుంచి 25 వరకు పరీక్షలు. పరీక్షలు జల్ది అయిపోతే పిల్లలు స్కూలుకు రారు, ఏప్రిల్ మొత్తం వేస్ట్ అయితుందని వాళ్ల వాదన. సరే, అందుల నిజం లేకపోలేదు. కానీ విదర్భ, అంటే మా చంద్రపూర్ ఉన్న తూర్పు మహారాష్ట్ర, టీచర్లు ఒప్పుకోలే. ఎండల సంగతి సర్కారుకు తెల్వక కాదు కదా, ఆ ఏడు మిగతా రాష్ట్రంల స్కూళ్లు జూన్ 16న తెరిస్తే విదర్భల 23న తెరిచిండ్రు, ఎండల కోసమే మనకు వారం ఎక్కువ సెలవులిచ్చినోళ్లు పరీక్షల కాడికొచ్చేసరికి పుణె ఎండ, చంద్రపూర్ ఎండ ఒకటే అంటే ఎట్ల? సరిగ్గా ఆ పరీక్షల తారీఖుల నడుమనే, ఏప్రిల్ 21న చంద్రపూర్‌ల 45.6 డిగ్రీలు కొట్టింది. పొద్దుటి పూట పరీక్షే అయినా, ఇంటికొచ్చే టైంకు పిల్లలు ప్యాడు నెత్తి మీద పెట్టుకొని గోడల నీడ పట్టుకొని నడిచిండ్రు, మా చిన్నదాని వాటర్ బాటిల్ల నీళ్లు చాయ్ లెక్క ఉన్నయ్. క్లైమేట్ చేంజ్ అంటే అప్పటిదాక పుస్తకంల ఒక పాఠం, రెండు మార్కుల ప్రశ్న. ఆ ఏప్రిల్ నుంచి ఇండ్లల్ల మాట అయింది.

అసలు పాఠం సంగతికొస్తే అది పాత కథే. పర్యావరణ కేసులేసే లాయరు ఎం.సి. మెహతా కేసుల 1991లనే సుప్రీంకోర్టు పర్యావరణం చదువు తప్పనిసరి అన్నది, 2003ల మళ్ల గట్టిగ చెప్పింది. తర్వాత దాన్ని విడిగ పెట్టకుండ అన్ని సబ్జెక్టుల్ల కలిపిండ్రు, అన్నిట్ల కలిపితే ఏ సారుదీ కాదు. 2022ల సిలబస్ తగ్గిచ్చినప్పుడు కేంద్రం స్కూలు పుస్తకాలు తెచ్చే ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో క్లాసు బయాలజీల పర్యావరణ సమస్యల చాప్టరే తీసేసింది. మన స్టేట్ బోర్డు పుస్తకాలు వేరే అనుకోండి, అయినా ఏది ముందు కోతకొస్తదో అర్థమైతది.

మా సైన్స్ సారు మాత్రం పుస్తకం మూసి థర్మామీటర్లు బయటకు తీసిండు. ఒకటి రేకుల గదిల, ఒకటి వేపచెట్టు కింద. ఎర్రగీత ఎక్కడిదాక వచ్చిందో పిల్లలు స్కేలు పెట్టి కాగితం మీద గీసిండ్రు, రెండు గీతల నడుమ రెండు వేళ్ల మందం తేడా. తర్వాత కరెంటు బిల్లు తెచ్చి లెక్క చేయించిండు. ఒకటిన్నర టన్ను ఏసీలు ఆరు, రోజుకు ఐదు గంటలు నడిస్తే 40 యూనిట్ల పైమాటే. మన దేశంల ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడతది, అంటే రోజుకు 28 కిలోలు. అవే మూడు గదులల్ల పన్నెండు పాత ఫ్యాన్లు తీసి తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే నాలుగున్నర యూనిట్లు పోయే కాడ రెండు గూడ పోవు. ఐదు కిలోవాట్ల సోలార్ పెడితే రోజుకు ఇరవై యూనిట్లు వస్తయ్. బార్డర్ అవతల తెలంగాణల 2023 ఏప్రిల్‌లనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చిండ్రు, తెల్ల కప్పు ఎండను వెనక్కి కొడితే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతది, సారు చెప్పేది గదే.

ఏసీ జట్టు మాట గూడ ఉంది. పక్కన చంద్రపూర్ థర్మల్, బొగ్గు కరెంటు ప్లాంటు, 2920 మెగావాట్లు, ఫుల్లుగ నడిస్తే నిమిషానికి 48 వేల యూనిట్ల పైన, మనం ఆరు ఏసీలు ఆపితే ఏమైతది, మా పిల్లలు ఎందుకు ఉడకాలె అంటున్నరు. 2009ల కేంద్ర కాలుష్య బోర్డు లెక్కల్ల కాలుష్యానికి వందకు 83.88 స్కోరుతో దేశంల నాలుగో కలుషిత ప్రాంతం చంద్రపూరే, అది మన స్కూలు చేసిందా అని అడుగుతున్నరు. సారు ఇది దాచలే, ఆ 48 వేలు బోర్డు మీద తనే రాసిండు. బాయిల పని చేసే ఒకాయన కొడుకు లేచి, అయితే మా నాయిన పని తప్పా సార్ అని అడిగిండట. సారు జరసేపు ఆగి, ఒక టన్ను బొగ్గుకు ఎన్ని యూనిట్లు వస్తయో మీ నాయిన్ని అడిగి రాసుకొని రా అన్నడట. ఆ పిల్లగాడు తెల్లారి రెండు పేజీలు నింపుకొచ్చిండు, అందుల సగం వాళ్ల నాయిన చేతిరాతే.

ఆదివారం మీటింగ్ ఉంది. ఏసీలకు కొటేషన్ వచ్చింది, సోలార్‌ది ఇంకా రాలే. సున్నం బస్తాలు మూడు మాత్రం నిన్నటి నుంచి గేటు పక్కన ఉన్నయ్, ఎవరు తెప్పిచ్చిండ్రో గ్రూపుల ఎవ్వరూ చెప్తలేరు.