చెర్రీ ఆకుల్లో సైనైడ్: ఒక్క పరీక్షతో చెట్టంతా తేలిపోదు

"చెర్రీ ఆకు పరీక్ష చేయించాం, సైనైడ్ తక్కువే వచ్చింది. ఇక మేకల్ని వదలొచ్చు కదా?" ఆకుల రసాయనాలు పరీక్షించే నన్ను అందరూ అడిగేది ఇదే. దయచేసి వదలకండి. ఆ అంకె ఆ రోజు కోసిన ఆ ఆకుది, చెట్టుది కాదు.

చెర్రీ, ప్లమ్, పీచ్, ఆప్రికాట్, బాదం అన్నీ ప్రూనస్ ప్రజాతివే. వీటి గింజల్లో అమిగ్డాలిన్ ఉంటే, ఆకుల్లో ప్రధానంగా ఉండేది ప్రూనాసిన్. రెండూ విడిపోతే సైనైడ్ పుట్టించే పదార్థాలే. ఆకులో అదొక చోట, దాన్ని విడగొట్టే ఎంజైములు మరో చోట ఉంటాయి. ఆకు నలిగితే రెండూ కలిసి హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. చిగురాకులో ప్రూనాసిన్ ఎక్కువ, ముదిరేకొద్దీ తగ్గుతుంది. పక్కపక్కనే పెరిగిన రెండు బ్లాక్ చెర్రీ చెట్లలో కూడా ఒకే మోతాదు ఉండదు. ముదురాకు పరీక్షకు పంపి, పశువుల్ని లేత పిలకల మీదికి వదిలితే ఆ రిపోర్టు ఎందుకు పనికొస్తుంది?

తక్కువ అంకె వచ్చిందంటే నాకు ఇంకో అనుమానం కూడా. కొత్తలో ఒకసారి నలిగిన ఆకుల్ని ఫ్రీజర్‌లో పెట్టకుండా రాత్రంతా బల్ల మీదే వదిలేశాను. మర్నాడు అంకె బాగా పడిపోయింది. సైనైడ్ గాలిలో కలిసిపోయిందంతే. ఆ ఫలితం బయటికి వెళ్లి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ టెన్షనే.

వాడిపోతే విషం పోతుందనేది ఇంకా ప్రమాదకరమైన మాట. గాలివానకు విరిగిన కొమ్మ వాడే కొద్దీ కణాలు చితికి సైనైడ్ విడుదలవుతుంది. ఆవులు, గొర్రెలు, మేకల పొట్టలోని సూక్ష్మజీవులు కూడా ప్రూనాసిన్‌ను విడగొడతాయి కాబట్టి గుర్రాలకంటే వీటికి ముప్పు ఎక్కువ. విరిగిన కొమ్మల్ని వెంటనే ఏరేయండి. తిన్న పశువు రొప్పుతుంటే వైద్యుడికి ఫోన్ చేయండి. విరుగుడు ఉంది, కానీ నిమిషాలే గడువు.

మిగతావి చిన్నవి. చేదుబాదం వాసన రాకపోతే సైనైడ్ లేనట్టు కాదు, చాలామందికి ఆ వాసన అసలు తెలియదు. ఉప్పులో ఊరేసిన జపాన్ సకురా (చెర్రీ) ఆకుల సువాసన కూమరిన్ అనే పదార్థానిది, సైనైడ్‌ది కాదు. 2001లో అమెరికాలోని కెంటకీలో గుర్రాలకు గర్భస్రావాలైతే మొదట చెర్రీ ఆకుల సైనైడ్‌నే అనుమానించారు, తర్వాతి పరిశోధనలు ఆ ఆకులు తినే టెంట్ గొంగళిపురుగుల వైపు వేలు చూపాయి.

చెట్టు పక్కన పిల్లలు ఆడుకోవడానికి భయపడేవాళ్లూ ఉన్నారు. ఆకు ముట్టుకుంటే ఏమీ కాదు. పండిన చెర్రీ గుజ్జు నిశ్చింతగా తినొచ్చు. గింజ మాత్రం నమలనివ్వకండి.