ఇంట్లో కార్లన్నీ ఒకే పాలసీలో పెట్టడం: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అమెరికాలో ఆటో ఇన్సూరెన్స్ ఏజెంట్‌గా పనిచేస్తున్నా. మన తెలుగువాళ్ల దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే: "అన్నా, రెండో కారు కొన్నాం, ఉన్న పాలసీలోనే దీన్ని కూడా వేసేయ్, డిస్కౌంట్ వస్తుంది కదా." వస్తుంది, మల్టీ కార్ డిస్కౌంట్ దాదాపు అన్ని పెద్ద కంపెనీల్లోనూ ఉంది, మంచిదే. కానీ వేసేముందు నేను మూడు సంగతులు అడుగుతా, ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, కారు టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, ఎవరి పేరు మీద ఉంది, రాత్రిపూట కారు ఎక్కడ పెడతారు అని, అక్కడే చాలామందికి విసుగొస్తుంది, "అవన్నీ ఎందుకన్నా, రేటు చెప్పు చాలు" అంటారు. రేపు పెద్ద క్లెయిమ్ వస్తే క్లెయిమ్ పరిశీలించే కంపెనీ అడ్జస్టర్ తవ్వి తీసేవి కూడా ఆ మూడే. అందుకే ఇది రాస్తున్నా. రాష్ట్రాన్ని బట్టి, కంపెనీని బట్టి కొన్ని మారతాయి, చివరికి మీ పాలసీ కాగితంలో ఏం రాసుందో అదే చెల్లుతుంది.

అపోహ: ఒకే పాలసీ కాబట్టి అన్ని కార్లకీ ఒకే కవరేజ్, ఒకే డిడక్టిబుల్.

వాస్తవం: లయబిలిటీ, అంటే మనవల్ల అవతలివాళ్లకి జరిగిన నష్టానికి కట్టేది, మామూలుగా అన్ని కార్లకీ ఒకటే ఉంటుంది. కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మన కారు రిపేర్‌కి), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్లు లాంటి వాటికి) మాత్రం ఏ కారుకి ఆ కారుకే. లోన్ ఉన్న కారుకి ఆ రెండూ ఉండి తీరాలని లోన్ ఇచ్చినవాళ్లే పట్టుబడతారు, లోన్ తీరిపోయిన పాత కారుకి కావాలంటే తీసేయొచ్చు. డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి కట్టే మొత్తం, కూడా ఒకదానికి 500 డాలర్లు, ఇంకోదానికి 1000 డాలర్లు పెట్టుకోవచ్చు. పాలసీ మొదట్లో వివరాలన్నీ ఉండే డిక్లరేషన్స్ పేజీ తీసి చూడండి, ఒక్కో కారు కింద ఒక్కో వరుస ఉంటుంది, ఏ గడిలో ప్రీమియం అంకె లేదో ఆ కారుకి ఆ కవరేజ్ లేనట్టే.

అపోహ: మన కారు మన కారునే గుద్దితే బాధ లేదు, రెండూ ఒకే పాలసీలో ఉన్నాయి కదా.

దీన్ని కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే జరిగేదాకా ఎవరికీ తట్టదు. ఒకావిడ పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపే హడావుడిలో ఎస్‌యూవీని గరాజ్‌లోంచి రివర్స్ తీస్తూ డ్రైవ్‌వేలో ఆగి ఉన్న సెడాన్‌కి తగిలించారు. రెండు కార్లూ భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉన్నవే. నాకు ఫోటోలు పంపారు, సెడాన్‌కి డ్రైవర్ వైపు డోర్ లోపలికి నొక్కుకుపోయి సైడ్ మిర్రర్ వైరు పట్టుకుని కిందికి వేలాడుతోంది, ఎస్‌యూవీకి మాత్రం వెనక బంపర్ మూల కాస్త గీసుకుంది అంతే. "తప్పు నాదేనండి, నా లయబిలిటీలోంచి ఆ కారుకి ఇచ్చేస్తారు కదా" అని అడిగారు. ఇవ్వరు. లయబిలిటీ బయటివాళ్లకి జరిగిన నష్టం కోసం, మన ఆస్తికి మనమే చేసుకున్న నష్టానికి అందులో డబ్బు రాదు, ఆ మినహాయింపు పాలసీలోనే రాసి ఉంటుంది, గరాజ్ డోర్‌ని గుద్దుకున్నా ఆటో లయబిలిటీ సంగతి అంతే. సెడాన్ బాగవ్వాలంటే సెడాన్ మీద కొలిజన్ ఉండాలి, దాన్ని వాళ్లు ఆర్నెల్ల కిందటే, కారు పాతబడింది కదా అని తీయించేశారు. తీసింది నేనే, వాళ్లు అడిగారు నేను చేశాను, ఇలా కూడా జరగొచ్చని ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. అప్పట్నుంచి ఎవరు కొలిజన్ తీసేయమన్నా ముందు ఈ డ్రైవ్‌వే సంగతి చెప్పాకే తీస్తున్నా.

ఒకవేళ రెండిటికీ కొలిజన్ ఉండి రెండూ దెబ్బతింటే, చాలా కంపెనీలు వాడే స్టాండర్డ్ పాలసీ ఫారంలో రెండిట్లో ఎక్కువున్న డిడక్టిబుల్ ఒక్కటే పడుతుంది. సొంత ఫారం వాడే కంపెనీల్లో రెండూ పడొచ్చు, కాబట్టి క్లెయిమ్ వేసేముందు అడగండి.

అపోహ: ఒక్కో కారుకి 100/300 లిమిట్ ఉంది, రెండు కార్లు కాబట్టి 200/600 అయినట్టే.

వాస్తవం: కాదు. 100/300 అంటే దెబ్బ తగిలిన ఒక్కో మనిషికి లక్ష డాలర్ల దాకా, మొత్తం ఆ యాక్సిడెంట్‌కి మూడు లక్షల దాకా. పాలసీలో ఎన్ని కార్లున్నా, ఎన్ని ప్రీమియంలు కట్టినా ఒక యాక్సిడెంట్‌కి ఇచ్చేది అంతే అని స్టాండర్డ్ పాలసీ ఫారంలో స్పష్టంగా ఉంటుంది. అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్, అంటే ఇన్సూరెన్స్ లేనివాడు మనల్ని గుద్దితే మనకి ఇచ్చేది, ఒక్కటే కొంచెం వేరు, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా లాంటి కొన్ని రాష్ట్రాల్లో దాన్ని కార్ల లెక్కన కలుపుకోవచ్చు, స్టాకింగ్ అంటారు, వద్దనుకుంటే సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి, కార్లు ఎక్కువున్న ఇంటికి అది నిజంగా పనికొచ్చే కవరేజ్.

లిమిట్ల గురించి ఇంకో మాట. రాష్ట్రం చెప్పిన కనీస లిమిట్ ఉంటే చాలు అనుకునేవాళ్లు చాలామంది. కాలిఫోర్నియాలో 2024 చివరిదాకా 15/30/5 ఉండేది, 2025 జనవరి 1 నుంచి 30/60/15 చేశారు, వర్జీనియాలో అదే రోజు నుంచి 50/100/25, టెక్సాస్‌లో ఇప్పుడున్నది 30/60/25. చివరి అంకె అవతలివాళ్ల ఆస్తి నష్టానికి, వేల డాలర్లలో. 15 వేల డాలర్లతో ఈ రోజుల్లో ఏ కొత్త కారు వస్తుంది చెప్పండి? అవతలి కారు టోటల్ అయితే, అంటే బాగుచేయించడం దండగ అనేంతగా పాడైతే, మిగతాది మీ జేబులోంచే. ఇల్లు, సేవింగ్స్ ఉన్నవాళ్లు ఆటో లిమిట్ దాటిన నష్టానికి పైనుంచి ఆదుకునే అంబ్రెల్లా పాలసీ తీసుకుంటారు, దానికి ఇంట్లో ప్రతి కారు మీదా ఫలానా లిమిట్ ఉండాలని షరతు పెడతారు, మామూలుగా 250/500 అడుగుతారు. ఒక కారు వేరే పాలసీలో తక్కువ లిమిట్‌తో ఉండిపోతే సరిగ్గా ఆ కారు దగ్గరే ఖాళీ పడుతుంది, కార్లన్నీ ఒక్కచోట ఉండటంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, డిస్కౌంట్ తర్వాత మాట.

అపోహ: అబ్బాయికి లైసెన్స్ వచ్చింది కానీ వాడికి వేరే కారు లేదు, పేరు చెప్పక్కర్లేదు.

వాస్తవం: చెప్పాలి. కంపెనీ రేటు కట్టేది కార్లని మాత్రమే చూసి కాదు, ఆ ఇంట్లో డ్రైవ్ చేయగల ప్రతి మనిషినీ చూసి. టీనేజ్ పిల్లాడి పేరు కలిపితే ప్రీమియం బాగా పెరుగుతుంది, నిజమే, ఆ అంకె చెప్పినప్పుడు ఫోన్‌లో అవతల కాసేపు మాట వినపడదు, నాకు అర్థమవుతుంది. కానీ దాచిపెట్టి, వాడు ఒక రోజు ఎవరినో గుద్దితే, అప్లికేషన్‌లో అబద్ధం చెప్పారని చాలా రాష్ట్రాల్లో పాలసీని మొదట్నుంచే రద్దు చేసే వీలు కంపెనీకి ఉంటుంది. దాచినా ఎక్కువ కాలం దాగదు కూడా, అడ్రస్ కొట్టి అక్కడ లైసెన్స్ ఉన్నవాళ్లెవరో కంపెనీలు చూసుకుంటాయి, రెన్యూవల్‌కి ముందు "ఈ పేరున్న వ్యక్తి మీ ఇంట్లో ఉన్నారా" అని ఉత్తరం వస్తుంది.

రేటు తగ్గించే దారులు సక్రమమైనవే ఉన్నాయి. బి యావరేజ్ ఉంటే గుడ్ స్టూడెంట్ డిస్కౌంట్. కారు తీసుకెళ్లకుండా మామూలుగా 100 మైళ్ల కన్నా దూరంలో కాలేజీలో ఉంటే దానికో డిస్కౌంట్. ఏ డ్రైవర్‌ని ఏ కారుకి లెక్కేస్తారన్నది కూడా కనుక్కోండి, కొన్ని కంపెనీలు పాత కారుకి పిల్లాడిని పెట్టనిస్తాయి, కొన్ని ఎక్కువ రిస్క్ ఉన్న డ్రైవర్‌ని ఎక్కువ ప్రీమియం ఉన్న కారుకే కట్టేస్తాయి, దీని ఒక్కదానివల్లే కంపెనీకీ కంపెనీకీ చాలా తేడా వస్తుంది. ఫలానా మనిషిని ఎక్స్‌క్లూడ్ చేయండి, అంటే పాలసీలోంచి మినహాయించండి అని కొందరు అడుగుతారు, కొన్ని రాష్ట్రాల్లో కుదురుతుంది, కానీ ఎక్స్‌క్లూడ్ చేసిన మనిషి "పాల ప్యాకెట్ తెస్తా" అని ఒక్కసారి స్టీరింగ్ పట్టుకున్నా ఆ ట్రిప్‌కి కవరేజ్ పోయినట్టే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉంటూ కారు నడుపుతుంటే అదీ చెప్పండి. ఎప్పుడో ఒకసారి ఫ్రెండ్‌కి కారు ఇచ్చారంటే అది వేరు, మీ అనుమతితో నడిపినవాళ్లకి మామూలుగా కవరేజ్ ఉంటుంది, రోజూ నడిపేవాళ్లకి ఆ లెక్క సరిపోదు.

అపోహ: ఒకే ఇంట్లో ఉంటున్నాం కాబట్టి ఎవరి కారైనా ఒకే పాలసీలో పెట్టొచ్చు.

వాస్తవం: స్టాండర్డ్ ఫారంలో మీరంటే పాలసీ ఎవరి పేరు మీద ఉందో వాళ్లూ, అదే ఇంట్లో ఉండే భార్య లేదా భర్త. ఫ్యామిలీ మెంబర్ అంటే రక్తసంబంధం, పెళ్లి, దత్తత ద్వారా బంధువై అదే ఇంట్లో ఉండేవాళ్లు. రూమ్‌మేట్ ఇందులో ఎక్కడా రాడు, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న జంటల్లో రెండో మనిషి కూడా పేరు రాయించుకుంటేనే వస్తారు. తమ్ముడు మీ ఇంట్లోనే ఉంటున్నా కారు టైటిల్ అతని ఒక్కడి పేరు మీద ఉంటే ముందు కంపెనీని అడగండి, కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని అతనికి వేరే పాలసీ తీసుకోమంటాయి. ఎల్‌ఎల్‌సీ, అంటే మీరు పెట్టిన కంపెనీ పేరు మీదున్న కారుకి ఎక్కువగా కమర్షియల్ పాలసీయే కావాలి. మోటార్ సైకిల్‌కి వేరే పాలసీ, నాలుగు చక్రాల కన్నా తక్కువున్న బండ్లు స్టాండర్డ్ ఆటో పాలసీలో పట్టవు.

అలాగే అమ్మాయికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి కారు తీసుకుని వెళ్లిపోయిందనుకోండి, ఇక ఆ కారు రాత్రిళ్లు ఆగేది అక్కడ, డిస్కౌంట్ పోతుందని మీ పాలసీలోనే మీ అడ్రస్ మీద ఉంచేయకండి, ఆ రాష్ట్రంలో తన పేరు మీద పాలసీ తీయించండి.

అపోహ: విడివిడి పాలసీలుంటే ఒకదాంట్లో యాక్సిడెంట్ రెండోదానికి తెలీదు.

వాస్తవం: తెలుస్తుంది. క్లూ రిపోర్ట్ అని ఒకటుంది, లెక్సిస్‌నెక్సిస్ అనే డేటా కంపెనీ నడుపుతుంది, ఏడేళ్ల దాకా క్లెయిములు అందులో ఉంటాయి, దానితోపాటు మోటార్ వెహికల్ రికార్డ్ కూడా లాగుతారు.

అపోహ: ఉన్న పాలసీ ఉంది కాబట్టి కొత్త కారు దానంతటదే కవరైపోతుంది.

వాస్తవం: కొన్నాళ్లే. స్టాండర్డ్ ఫారంలో అదనంగా కొన్న కారుకి 14 రోజుల్లోపు చెప్పాలి. కొలిజన్‌కి ఇంకో మెలిక ఉంది, పాలసీలో ఒక్క కారుకైనా కొలిజన్ ఉంటే అదే 14 రోజులు, ఏ కారుకీ లేకపోతే 4 రోజులే. కంపెనీని బట్టి ఇవి మారతాయి, కాబట్టి డీలర్ దగ్గర కూర్చుని సంతకాలు పెడుతున్నప్పుడే ఏజెంట్‌కి విన్ నంబర్ (కారు గుర్తింపు నంబర్) పంపేయండి. చెప్పకుండా నెలల తరబడి ఇంటి ముందు పెట్టుకున్న సొంత కారుని పక్క కారు పాలసీ ఆదుకోదు.

అపోహ: అన్నీ కలిపితే ఎప్పుడూ చవకే.

వాస్తవం: ఎక్కువసార్లు అవును, ఎప్పుడూ కాదు. ఒకరి మీద డీయూఐ (తాగి నడిపిన కేసు) ఉన్నా, వరసగా యాక్సిడెంట్లున్నా ఆ భారం పాలసీ మొత్తం మీద పడొచ్చు, అప్పుడు విడదీస్తే ఎంత పడుతుందో కనుక్కోవడం తప్పు కాదు, ఆ మనిషిని దాచకుండా విడదీయాలి అంతే. ఇంకోటి, ఒక నెల డబ్బు కట్టక పాలసీ క్యాన్సిల్ అయితే కార్లన్నిటికీ ఒకేసారి కవరేజ్ పోతుంది, కార్డ్ ఎక్స్‌పైర్ అయ్యి ఆటో పే ఆగిపోయి మూడు కార్లూ ఒకే రోజు రోడ్డెక్కలేని స్థితికి వచ్చిన ఇల్లు నాకు తెలుసు, కంపెనీ పంపిన నోటీసు పాత ఈమెయిల్‌కి వెళ్లింది. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు లిమిట్లు, డిడక్టిబుల్స్ రెండిట్లో ఒకటేనా అని గడి గడీ చూడండి, "వాళ్లు నీకన్నా తక్కువకి ఇస్తున్నారన్నా" అని నాకు పంపే కొటేషన్లలో చాలావాటిలో అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ గడి ఖాళీగా ఉంటుంది.