సెయిల్‌బోటు గేర్ లివర్ బిగుసుకుందా? నూనె డబ్బా పక్కన పెట్టండి

"లివర్ బిగుసుకుంది, కేబుల్లో ఏ నూనె పోయాలి?" సెకండ్ హ్యాండ్ సెయిల్‌బోటు కొన్నవాళ్లు విశాఖలో ఉన్నా అమెరికాలో ఉన్నా అడిగేది ఇదే. జవాబు కూడా ఒకటే: ఏ నూనే వద్దు. చిన్న డీజిల్ ఇంజిన్, మెకానికల్ గేర్‌బాక్స్, కాక్‌పిట్‌లో (బోటు నడిపేవాళ్లు కూర్చునేచోట) గేరుకూ థ్రాటిల్‌కూ (ఇంజిన్ వేగానికి) కలిపి ఒకే లివర్ ఉండి, దాన్నుంచి రెండింటికీ చెరో కేబుల్ వెళ్లే బోట్ల గురించే ఈ మాటలు.

అపోహ: నూనె పోస్తే కేబుల్ వదులవుతుంది.

ఈ నమ్మకం బైకు దగ్గర పుట్టింది. క్లచ్ వైరు పై కొసకు ప్లాస్టిక్ కవరు గరాటులా కట్టి మెకానిక్ నూనె దింపుతాడు, పని జరిగిపోతుంది. కానీ ఆ వైరుకు లాగడం ఒక్కటే పని, వెనక్కి తెచ్చేది స్ప్రింగు. బోటు కేబుల్ లాగాలి, నెట్టాలి కూడా. అందుకే మధ్యలో స్టెయిన్‌లెస్ తీగ, దాని మీద ప్లాస్టిక్ గొట్టం, ఆ గొట్టం చుట్టూ పొడవునా పేర్చిన ఉక్కు తీగలు, అన్నిటికీ పైన తొడుగు ఉంటాయి. గ్రీజు ఫ్యాక్టరీలోనే పెట్టి మూసేస్తారు.

తొడుగు ఎండకు పగిలినా, ఎగ్జాస్ట్ గొట్టానికి ఆని కరిగినా ఉప్పునీరు ఆ ఉక్కు తీగలదాకా పోతుంది. తుప్పుపట్టిన ఉక్కు ఉబ్బి లోపలి గొట్టాన్ని నొక్కుతుంది. మీ చేతికి తెలిసే బిగువు అదే. పోసిన నూనె వెళ్లేది గొట్టం లోపలికి, తుప్పున్నది గొట్టానికి బయట. పైగా పల్చటి స్ప్రేలు ఉన్న గ్రీజును కూడా కడిగేస్తాయి. కొన్నాళ్లు తేలిగ్గా కదిలినట్టు అనిపించి, మళ్లీ ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

అపోహ: బిగువుగా ఉన్నా లివర్ చివరిదాకా వెళ్తోంది కదా, గేర్ పడినట్టే.

జేబుకు చిల్లు పెట్టేది ఇదే. లివర్ చివరికి వెళ్లినంత మాత్రాన గేర్‌బాక్స్ మీది చేయి (కేబుల్ లాగే చిన్న లివర్) చివరికి వెళ్లినట్టు కాదు. కేబుల్ బిగుసుకుంటే మీరు పెట్టిన బలంలో కొంత కేబుల్‌నే వంచుతుంది, దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్‌నూ వంచుతుంది. అవతలి కొసకు నాలుగైదు మిల్లీమీటర్లు తక్కువ చేరుతుంది. ఒకే లివర్ ఉన్న కంట్రోల్‌లో మొదటి కదలిక గేరుకు, ఆ తర్వాతది థ్రాటిల్‌కు. అంటే క్లచ్ సగమే పట్టి ఉండగా మీరు ఇంజిన్ వేగం పెంచేస్తున్నారు. క్లచ్ జారుతుంది, వేడెక్కుతుంది, అరుగుతుంది. ఆర్‌పీఎం పెరిగినా బోటు వేగం పెరగకపోతే ప్రొపెల్లర్‌కు నాచు పట్టిందేమో అనుకుంటారు. బోటు పైకి లాగించి ప్రొపెల్లర్ శుభ్రం చేయిస్తారు కూడా. కేబుల్ ఖర్చుతో పోయేదానికి గేర్‌బాక్స్ విప్పాల్సి వస్తుంది.

కొలిచి చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఇంజిన్ ఆపి, ఒకరిని లివర్ దగ్గర ఉంచి, గేర్‌బాక్స్ చేయి న్యూట్రల్ నుంచి రెండు వైపులా ఎంత జరుగుతోందో స్కేలు పెట్టి కొలవండి. హర్త్ కంపెనీ మెకానికల్ గేర్‌బాక్సుల్లో కేబుల్ పిన్ను చేయి బయటి రంధ్రంలో ఉంటే ఒక్కో వైపు కనీసం 35 మి.మీ., లోపలి రంధ్రంలో ఉంటే 30 మి.మీ. జరగాలి. యాన్మార్ వంటి వేరే కంపెనీల వాటికి వాటి మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. ఎక్కువ జరిగితే నష్టం లేదు, తక్కువైతేనే క్లచ్‌కు చేటు. న్యూట్రల్‌లో కేబుల్, చేయి లంబకోణంలో ఉండాలి. పిన్ను బయటి రంధ్రంలో ఉండి ఒక వైపు 40, మరో వైపు 31 వస్తే కేబుల్ కొస మర తిప్పి సరిచేయండి. రెండు వైపులా తక్కువే వస్తే సర్దుబాటుతో పోదు, కేబులో బ్రాకెటో మార్చాలి. హర్త్‌లో ఆ చేయి ఉన్న మూత బోల్టులు మాత్రం ముట్టుకోకండి. ఆ సెట్టింగ్ ఫ్యాక్టరీలో చేసింది.

అపోహ: బిగువు ఉందంటే తప్పు కేబుల్‌దే.

కాకపోవచ్చు, కొత్తది కొనేముందు విడదీసి చూడండి. గేర్‌బాక్స్ దగ్గర పిన్ను తీసి చేయిని చేత్తో కదపండి. అది తేలిగ్గా కదిలితే గేర్‌బాక్స్ బాగానే ఉంది. తర్వాత లివర్ దగ్గరి కొస కూడా విప్పి ఉత్త కేబుల్‌ను రెండు వేళ్లతో లాగి నెట్టండి. తేలిగ్గా జారకపోతే దాని పని అయిపోయింది. అదీ బాగుంటే లివర్ పెట్టె చూడండి: ఎండిపోయిన గ్రీజు, లేదా థ్రాటిల్ జారకుండా ఎవరో అతిగా బిగించిన ఫ్రిక్షన్ స్క్రూ. ఆ స్క్రూ అర చుట్టు వదిలితే పోయే జబ్బుకు రెండు కేబుళ్లు కొన్నవాళ్లున్నారు, పాపం.

అపోహ: కాస్త పొడవు కొంటే మంచిది.

మిగిలిన పొడవును చుట్టగా పెడితే ప్రతి వంపూ రాపిడి పెంచుతుంది. ఎక్కువగా వాడే 33సి రకం కేబుల్‌ను 8 అంగుళాల వ్యాసార్థం కంటే చిన్న వంపు తిప్పకూడదు. పాత కేబుల్ తొడుగు మీద పొడవు ముద్రించి ఉంటే అంతే కొనండి, అది వెళ్లే దారి బాగున్నట్లయితేనే సుమా. లేకపోతే కొస నుంచి కొసకు కొలిచి, అడుగుల్లో తర్వాతి పూర్ణ సంఖ్యకు సవరించండి. రెండు కేబుళ్లూ ఒకే వయసువైతే రెండూ ఒకేసారి మార్చండి. ఇరుకు సందులో దూరే కష్టం ఒక్కసారితో పోతుంది.

మార్చేటప్పుడు ముందు ఫొటోలు తీయండి, ఏ కేబుల్ ఏ వైపో టేపు మీద రాయండి. పాతదాని కొసకు సన్నని తాడు కట్టి లాగితే దారి పోదు. ఆ తాడుతోనే కొత్తది లాగాలి, మెలిపడకుండా. కేబుల్ గాడి క్లాంపులో సరిగ్గా కూర్చోవాలి. కొస మర (33సికి మర సైజు 10-32) కనీసం పది చుట్లు ఎక్కాక లాక్ నట్ బిగించండి. పిన్ను వేలితో నెడితే దూరిపోవాలి, సుత్తి కావలసివస్తే కొలత తప్పింది. ఆ పిన్ను జారకుండా పెట్టే పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వాడకండి. ప్లాస్టిక్ టైతో ఎక్కడైనా బిగించి కట్టినా కేబుల్ పట్టేస్తుంది, వదులుగా కట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేశాక, బోటు గట్టుకు కట్టి ఉండగానే, ముందుకూ వెనక్కూ గేర్ వేసి చూడాలి.

మిగతావి త్వరగా. ఏటేటా గ్రీజు కావాల్సింది కేబుల్ కొసన బయట కనబడే కడ్డీకీ, పిన్నులకూ, లివర్ కీలుకూ, అదీ పల్చగా. ఇంజిన్ వైపు కొసన కేబుల్‌ను కప్పే రబ్బరు బూటు చిరిగితే వెంటనే మార్చాలి. ఉప్పునీరు చేరే దారుల్లో అదొకటి.

ఇంకొకటి, ఇంజిన్ ఆపే కేబుల్. దాన్ని ఎవరూ పట్టించుకోరు. చాలా పాత డీజిళ్లలో తాళం తిప్పితే ఇంజిన్ ఆగదు, ఆ కేబుల్ కొసనున్న నాబు లాగాల్సిందే. అది పట్టేసిందని కంగారుపడి బ్యాటరీ స్విచ్ తిప్పేస్తే ఇంజిన్ ఆగదు సరికదా, ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోవచ్చు. ఇంజిన్ మీద ఆ కేబుల్ ఏ చిన్న లివర్‌ను లాగుతోందో గట్టున ఉన్నప్పుడే చూసిపెట్టుకోండి. నాబు రానినాడు దాన్నే చేత్తో లాగి ఆపాలి, బెల్టుకు చేయి తగలకుండా.